డేగక్కకు కనపడని గబ్బిలాలు

డేగక్కని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ళు కూడా ఫారాలు నింపేటప్పుడే పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు బట్టల మిల్లులో, రఫూ గదిలో కూర్చుని ఆవిడ ఆ పేరు సంపాదించుకుంది. తానులో ఎక్కడ పోగు తెగినా, ఎక్కడ ముడి పడినా, తనిఖీ బల్ల దగ్గరి వాళ్ళు సుద్దముక్కతో గుర్తు పెట్టి పంపాలి. ఈవిడ సూదితో పోగులో పోగు కలిపి అతుకు తెలియకుండా కుట్టాలి. అంతవరకే ఈవిడ పని. కానీ ఊరుకుంటేగా? వాళ్ళు చూడకుండా వదిలేసిన తప్పులు కూడా పట్టుకుని, ఆ తాను భుజాన వేసుకుని వెళ్ళి, "ఇది ఎవరు చూడాలి నాయనా, మీ తాతగారు వచ్చి చూస్తారా?" అని నలుగురిలో అడిగేది. డేగక్క అన్న పేరు వాళ్ళు ఒళ్ళు మండి పెట్టినదే. ఆవిడకి మాత్రం అది విన్నప్పుడల్లా మెడ అంగుళం పొడుగయ్యేది.

ఆ తనిఖీ బల్ల దగ్గర ఓ పరీక్ష ఉండేది. తప్పులున్న తానొకదాన్ని సూపర్‌వైజరు కావాలని మధ్యలో దూర్చేవాడు. పట్టుకుంటే సరే, పట్టుకోకపోతే ఆ మనిషి మర్నాటి నుంచి గేటు బయటే. డేగక్క కళ్ళముందే నలుగురైదుగురు అలా సంచీ పట్టుకుని వెళ్ళిపోయారు. ఈ సంగతి మనం కాస్త గుర్తుపెట్టుకోవాలి. ఆవిడ తర్వాత చేసిన పొరపాటుకి వేరు ఇక్కడే ఉంది.

మిల్లు మూతపడింది. డేగక్క రెండేళ్ళు చెల్లెలి ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అంటే ఊరికే కాదు, ఆ ఇంట్లో చిరిగిన దుప్పటి అన్నది లేకుండా చేసి, చిరగనివాటి వంక ఆశగా చూస్తూ కూర్చుంది. తల్లి పోయాక ఆ చెల్లెల్ని పెంచింది ఈవిడే. చెల్లెలి మొగుడు ఊరి బయట మెట్ట మీద లేచిన గాలిమరల దగ్గర వ్యాను తోలతాడు. మనిషి మంచివాడే, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. అతనే ఓ సాయంత్రం కబురు మోసుకొచ్చాడు.

"వదినా, మీ కళ్ళకి పని దొరికింది. గాలిమరల కింద చచ్చిపడిన గబ్బిలాల్ని వెతకాలట."

"ఇంత లోకంలో నీకు ఆ పనికి నేనే గుర్తొచ్చానా?" అంది డేగక్క. అంది గానీ, మర్నాడు తెల్లారేసరికి తల దువ్వుకుని, చెల్లెలి కొడుకు బూట్ల కోసం వెతుకుతోంది.

మెట్ట మీద పన్నెండు గాలిమరలు. ఒక్కొక్క స్తంభం చుట్టూ గడ్డి పొట్టిగా కోసి, అయిదడుగులకో తాడు కట్టి వరసలు చేశారు. కుక్కలూ కాకులూ ఎత్తుకుపోకముందే, అంటే వెలుగు రాగానే, ఆ వరసల వెంట చివరిదాకా వెళ్ళి మళ్ళీ పక్క వరసలో వెనక్కి రావాలి. గబ్బిలం కనపడితే చేతితొడుగు వేసుకుని, పటకారుతో తీసి, కాగితం సంచిలో పెట్టి, ఏ స్తంభం, ఎంత దూరం, ఏ తేదీ అని చీటీ రాయాలి. ముట్టుకుంటే జబ్బులు రావచ్చని ముందే మూడు సూదులు పొడిచారు. సంచులన్నీ రేకుల గదిలో ఉన్న పెద్ద ఫ్రీజరులోకి వెళతాయి. ఆ ఫ్రీజరు మూత మీద 'దయచేసి తిండి డబ్బాలు ఇందులో పెట్టవద్దు' అని ఎర్రసిరాతో రాసి ఉంది. ఎవరో ఒకరు పెట్టే ఉంటారని డేగక్కకి చూడగానే అర్థమైంది.

ఆ గది ఈ గబ్బిలాల లెక్క తీసే పరిశోధకురాలిది. ముప్పై కూడా నిండని పిల్ల, ఎప్పుడూ బురద బూట్లతోనే కనిపించేది. మొదటిరోజే డేగక్కని కూర్చోబెట్టి విషయమంతా విప్పి చెప్పింది. గాలి మెల్లగా ఉన్న సాయంత్రాలు పురుగులు పైకి లేస్తాయి, వాటి కోసం గబ్బిలాలూ లేస్తాయి. కింద నుంచి చూస్తే రెక్కలు తీరిగ్గా తిరుగుతున్నట్టే ఉంటాయి కానీ, వాటి కొసలు కారుకన్నా వేగంగా పోతాయి. రెండు నెలల్లో చచ్చినవి అరవై దాటాయని లెక్క తేలితే, గాలి తక్కువగా ఉన్న రోజుల్లో పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా మరలు ఆపాలని కంపెనీ ఒప్పుకుని సంతకం చేసింది. అరవై దాటకపోతే ఆపనక్కర్లేదు.

"ఇంకో మాట అక్కా," అంది ఆ పిల్ల. "మధ్యమధ్యలో కొన్ని చచ్చిన గబ్బిలాల్ని నేనే పెట్టి చూస్తాను. మొత్తం ఇరవై. ఎప్పుడు, ఎక్కడ అని చెప్పను. ఎన్ని దొరికాయో రాసుకుంటాను."

డేగక్క తలూపింది. లోపల మాత్రం బెదిరింది. మిల్లు సూపర్‌వైజరే బూట్లు మార్చుకుని వచ్చినట్టు అనిపించింది.

ఎందుకంటే, ఊరంతా డేగక్క అనుకునే మనిషికి ఏడాదిగా కళ్ళల్లో పొర కమ్ముతోంది. శుక్లాలని డాక్టరు చీటీ కూడా రాసిచ్చాడు. ఆ చీటీ కుట్టుమిషను సొరుగులో, దారపు ఉండల కింద ఉంది. చెల్లెలికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చేతిలో పెట్టుకుని చూస్తే ఫరవాలేదు గానీ, నిలబడి కాళ్ళ దగ్గర చూస్తే గడ్డీ మట్టీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. గబ్బిలమా, బొటనవేలంత ఉంటుంది, ఎండుటాకు రంగు.

అయినా దొరుకుతూనే ఉన్నాయి. రెండో వారంలో ఆరో స్తంభం కింద ఒకటి ప్రాణంతోనే దొరికింది. పరిశోధకురాలు దాన్ని గుడ్డలో పట్టుకుని, ఒక రెక్క మెల్లగా విప్పి వెలుతురుకి పెట్టింది. ఉల్లిపొర కన్నా పల్చగా ఉంది. అందులో ఒకచోట సన్నటి తెల్లగీత కనిపిస్తే డేగక్క ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్ళింది.

"ఇది ఎవరు కలిపారు?"

"ఎవరూ కలపలేదక్కా. ఎప్పుడో చిరిగి ఉంటుంది, దానంతట అదే కలిసిపోయింది. రెక్కకి చిల్లు పడితే కొన్ని వారాల్లో పూడిపోతుంది వీటికి."

ముప్పై ఒక్క ఏళ్ళు పోగులో పోగు కలిపిన మనిషి, అంత శుభ్రమైన రఫూ ఎన్నడూ చూడలేదు. ఆ గబ్బిలం మధ్యాహ్నానికి చచ్చిపోయింది. వీటిలో చాలావాటికి ఏడాదికి ఒక్క పిల్లే పుడుతుందని కూడా ఆ రోజే తెలిసింది. ఆవిడకి ఏడుపొచ్చింది. గబ్బిలం కోసం ఏడ్చానంటే చెల్లెలు నవ్వుతుందని ముఖం కడుక్కుని ఇంటికి వెళ్ళింది.

ఆ వారంలోనే మరిది ఒకటి చూశాడు. వ్యాను దగ్గర నిలబడి టీ తాగుతుంటే, వదిన ఓ గబ్బిలాన్ని దాటుకుని పోయింది. పక్క నుంచి కాదు, సరిగ్గా దాని మీంచి. అతను నోరు తెరవబోయి మూసుకున్నాడు. అతని జీవితంలో అలా జరగడం అదే మొదటిసారి అయి ఉంటుంది. వదిన అవతలి వరసలోకి మళ్ళాక వెళ్ళి, దాన్ని తీసి ఆవిడ దారిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, వంగి, చీటీ రాసుకుంది. ఆ చీటీలో దూరం తప్పని ఇద్దరిలో ఒకరికే తెలుసు.

పరిశోధకురాలు పరీక్ష గబ్బిలాల్ని పెట్టడానికి సాయంత్రాలు వెళ్ళేది కూడా అతని వ్యానులోనే. మర్నాడు తెల్లవారుతూనే వదినని ఎక్కించుకుని పోతూ, రోడ్డు వంక చూస్తూ మొదలుపెట్టాడు.

"మూడోదాని కింద కాలవ వారన ఒకటి. ఏడోదాని దగ్గర గులకరాళ్ళలో రెండు. నేనేం చెప్పడం లేదు వదినా, నాలో నేను గొణుక్కుంటున్నాను."

డేగక్క కిటికీలోంచి బయటికి చూసింది. "నేనూ ఏం వినడం లేదు," అంది.

అలా గొణుగుడూ వినకపోవడమూ రెండు నెలలూ నిండేదాకా సాగాయి. అది మోసమని ఆవిడకి తెలుసు. కానీ ఎవరికి నష్టం? తను ఉద్యోగంలో ఉంటుంది, పరువు నిలుస్తుంది, గబ్బిలాలు ఎలాగూ చచ్చినవే కదా, అనుకుంది. అసలువాటిని వెతకడంలో మాత్రం ఒళ్ళు దాచుకోలేదు. ఒక్కోరోజు నడుం పట్టేసేదాకా వంగే నడిచేది.

రెండు నెలలు నిండిన రోజు పరిశోధకురాలు ఆవిడని రేకుల గదిలోకి పిలిచి, టీ పోసి ఇచ్చింది.

"ఇరవైకి ఇరవై అక్కా. నేను ఇన్నిచోట్ల పనిచేశాను, ఎవరికీ రాలేదు. పక్క మెట్ట మీద వెతికేవాడికి ఇరవైకి ఎనిమిదే."

"పాపం," అంది డేగక్క. గర్వంగానే అంది. "అతన్ని తీసేశారా?"

"ఎందుకు తీసేస్తాం?"

"మరి పరీక్ష తప్పాడుగా."

ఆ పిల్ల నవ్వింది. "అది మనిషికి పరీక్ష కాదక్కా, లెక్కకి. అతనికి ఇరవైలో ఎనిమిదే దొరికాయంటే, అయిదింటికి రెండే అతని కంట పడతాయన్నమాట. అంటే అతను ముప్పై తెస్తే అక్కడ చచ్చినవి డెబ్భై అయిదు అని వేసుకుంటాం. వాళ్ళ మరలు ఆపించాం కూడా. మనకి ఆ బాధ లేదు. మీకు అన్నీ కనపడతాయి కాబట్టి మీరు తెచ్చినవే లెక్క. ముప్పై రెండు. కుక్కలూ కాకులూ తిన్నవి కలుపుకుంటే నలభై. అరవై దాటలేదు. ఇక్కడ మరలు ఆపక్కర్లేదు." అని కాగితం ముందుకి జరిపింది. "వెతికినవారి సంతకం కావాలి. రేపు సాయంత్రం పంపించేస్తాను."

డేగక్క చేతిలో టీ చల్లారిపోయింది. తనిఖీ బల్ల దగ్గర సగం తప్పులు చూడకుండా వదిలేసి, బట్టంతా బాగుందని ముద్ర కొట్టేవాళ్ళని ఆవిడ జీవితమంతా తిట్టింది. ఇప్పుడు ముద్ర తన చేతిలో ఉంది.

"కళ్ళజోడు తెచ్చుకోలేదమ్మా, రేపు పెడతాను," అంది. ఆవిడకి కళ్ళజోడే లేదు.

తిరుగుప్రయాణంలో వ్యాను సగం దూరం వెళ్ళాక ఆపమంది. మరిది పక్కకి తీసి ఆపాడు. ఆవిడ అంతా చెప్పింది. అతను స్టీరింగు వదలకుండానే అడిగాడు.

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"చెప్పేస్తాను. నాకు కనపడవని చెప్తాను. పొమ్మంటే పోతాను."

"మీరు పోవడం కాదు వదినా. ఎక్కడ పెట్టిందీ మీకెలా తెలిసిందని అడుగుతుంది కదా ఆ మేడం. వ్యానులో ఉన్నది నేనొక్కణ్ణే." అన్నాడతను. "ఇంట్లో మనం నలుగురం. మీ ఉద్యోగం, నా ఉద్యోగం, రెండూ ఒక్కరోజే పోతే?"

"నీ మాట ఎత్తను."

"మీరు ఎత్తక్కర్లేదు. ఆవిడ చదువుకున్న మనిషి."

డేగక్కకి అతని మీద కోపం వచ్చింది, అతన్ని ఇందులోకి దింపింది తన బింకమేనని తెలిసి ఇంకా కోపం వచ్చింది. నోరు విప్పి ఒద్దని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది మొదటి రోజే.

"చూడవయ్యా, నేను బట్టలు మాత్రమే కుట్టాను. మిల్లులో తప్పు తప్పించుకుపోతే ఎవడి కోటుకో చిల్లు పడేది, అంతే. ఇక్కడ నేను చూడని ప్రతి గబ్బిలమూ చావలేదని రాస్తున్నారు. చావలేదని రాస్తే ఇంకొన్ని చస్తాయి. నా వల్ల కాదు."

మరిది బండి కదిలించాడు. అతను మాట్లాడకపోతే ఆ వ్యానులో ఇంజను చప్పుడు అంత పెద్దగా ఉంటుందని డేగక్కకి అప్పటిదాకా తెలియదు.

మర్నాడు ఆవిడ సొరుగులోంచి డాక్టరు చీటీ తీసుకుని వెళ్ళింది. రేకుల గదిలో బల్ల మీద, సంతకం కావలసిన కాగితం పక్కన పెట్టింది.

"ఇరవైకి ఇరవై అబద్ధమమ్మా. నాకు కళ్ళు సరిగ్గా కనపడవు. పరీక్షవి ఎక్కడున్నాయో నాకు ముందే తెలుసు."

పరిశోధకురాలు చీటీ చదివింది. మళ్ళీ చదివింది. "ఎలా తెలుసు?"

"అది అడక్కు."

"అడగాలి అక్కా."

"నేనే చెప్పాను," అన్నాడు గుమ్మంలోంచి మరిది. ఎప్పుడు వచ్చాడో, చేతిలో వ్యాను తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. "వదినని ఏమీ అనకండి. ఆవిడ అడగలేదు, నేనే చెవిలో వేశాను. మూడుసార్లు చచ్చినవాటిని జరిపాను కూడా."

ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బల్ల మీద మోచేతులు పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "రెండు నెలల పని," అంది. కాసేపయ్యాక తాళాల కోసం చెయ్యి చాపింది. మరిది ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి అతను రాళ్ళ లారీ మీదికి మారాడు. ఉద్యోగం మిగిలింది గానీ, గాలిమరల దగ్గరికి రావడానికి వీల్లేదు.

"నన్ను కూడా పొమ్మంటావా?" అంది డేగక్క.

"మిమ్మల్ని పంపిస్తే ఆ ముప్పై రెండు ఏమవుతాయి? వాటిని చూసింది మీ కళ్ళు. ఆ కళ్ళకి ఎన్ని తప్పిపోతాయో మీరున్నప్పుడే తెలియాలి నాకు. మళ్ళీ పెడతాను. ఇరవై. ఈసారి నేనే సంచీ మోసుకుని నడుస్తాను."

వారం రోజులు పట్టింది. ఉన్నాయని డేగక్కకి తెలుసు, ఎక్కడో తెలియదు. మొదటి రోజు కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా గడ్డి వంక చూసింది. పరిశోధకురాలు దూరం నుంచే పిలిచి చెప్పింది, "అంత కష్టపడకండక్కా. రోజూ ఎలా నడుస్తారో అలాగే నడవండి. ఎక్కువ చూసినా లెక్క తప్పే." చూడగలిగినంతే చూడమని ఆవిడతో ఎవరైనా అనడం అదే మొదలు. రెండో రోజు నుంచి మామూలుగా నడిచింది.

వారం చివర ఆ పిల్ల ఒక పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు గబ్బిలాలు వరసగా ఉన్నాయి. డేగక్కకి దొరికినవి తొమ్మిది.

"ఇవన్నీ నేను నడిచిన దారిలోనే ఉన్నాయా?"

"అన్నీ మీ వరసల్లోనే. దీని మీద మీ బూటు పడింది కూడా."

డేగక్క ఒక్కొక్కదాన్నీ దగ్గరికి తీసుకుని చూసింది. దగ్గరగా చూస్తే అన్నీ స్పష్టంగానే ఉన్నాయి, చెవులు, గోళ్ళు, రెక్కల మడతలు. పదకొండూ చూడటానికి చాలాసేపు పట్టింది. పరిశోధకురాలు తొందరపెట్టలేదు.

ఇరవైలో తొమ్మిదే కంట పడతాయన్న లెక్కతో ఆ నలభైని సరిచేస్తే ఎనభై తొమ్మిది వచ్చింది. అరవై దాటింది. డేగక్క ఆ కాగితం మీద సంతకం పెట్టింది.

కంపెనీ మేనేజరు ఊరుకోలేదు. స్వయంగా వచ్చి, ఇరవైకి తొమ్మిది మార్కులు వచ్చిన మనిషి మాట పట్టుకుని మరలు ఆపుతామా, కుర్రకళ్ళవాళ్ళని పెట్టుకోలేరా అన్నాడు. డేగక్క అక్కడే కూర్చుని ఉంది. ఒకప్పుడైతే ఆ మాటకి ఒంటికాలి మీద లేచేది. ఇప్పుడు టీ తాగుతూ కూర్చుంది.

"కొత్తవాళ్ళకి ఎన్ని తప్పిపోతాయో నాకు తెలియదు సార్," అంది పరిశోధకురాలు. "ఈవిడకి ఎన్ని తప్పిపోతాయో తెలుసు."

మేనేజరు ఇంకా ఏదో అన్నాడు, లెక్కల పుస్తకం అడిగాడు, ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. కానీ ఒప్పందం మీద ఉన్నది వాళ్ళ సంతకమే. ఆ వారం నుంచి, గాలి మెల్లగా ఉన్న సాయంత్రాల్లో పొద్దుగూకగానే పన్నెండు మరలూ ఆగిపోయాయి.

కళ్ళ ఆపరేషను చేయించుకుంటానని డేగక్క అడిగితే పరిశోధకురాలు బుర్ర గోక్కుంది. మధ్యలో కళ్ళు మారితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, నెల్లాళ్ళు ఆగగలరా అంది. "కనపడకుండా ఉండమని బతిమాలించుకున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను," అని ఇంట్లో చెప్పి చెల్లెల్ని నవ్వించింది డేగక్క. మరిది కూడా నవ్వాడు. లారీ దుమ్ముతో పట్టుకున్న దగ్గు అతనికి ఇంకా తగ్గలేదు. ఆ దగ్గు విన్నప్పుడల్లా ఆవిడ లేచి వెళ్ళి వేణ్ణీళ్ళు తెచ్చి ఇచ్చేది.

మరలు ఆపడం మొదలుపెట్టాక పది రోజులకి ఆవిడ తెచ్చిన సంచులు రెండే. వాటిని బల్ల మీద పెట్టి, పరిశోధకురాలు పెన్ను తీసేదాకా ఆగింది.

"రెండు," అంది ఆ పిల్ల, రాసుకుంటూ. ముఖం విప్పారింది. "అంతకుముందు పది రోజులకి అయిదు వచ్చేవి. మంచి కబురు అక్కా."

"రెండు కాదు," అంది డేగక్క. "రెండు నాకు కనపడినవి. కనపడనివి కూడా రాసుకో."